మూసిన గుప్పిళ్ళ బంతిభోజనం

కన్నియమ్మ నోరు మంచిది కాదని కోడంబాక్కంలో పదిమందీ అనే మాట. ఆ అనే పదిమందీ ఆవిడ చేతి అన్నం తిన్నవాళ్ళే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కాబోలు. సరే, అననీండి. ఆ నోరే లేకపోతే ఇప్పుడు చెప్పుకోబోయే సంగతి జరిగేదే కాదు.

ఆవిడ పెద్దలు ఎన్నో తరాల కిందట నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చి రేవులో మూటలు మోశారు. తండ్రి సినిమా స్టూడియోలో వడ్రంగి. పొద్దున రాజభవనం నిలబెట్టి, పని అయిపోగానే తనే పీకేసేవాడు. మొగుడు లైట్‌మన్. ఒకరోజు పైన కట్టిన పలక మీంచి జారి పడ్డాడు, మరి లేవలేదు. కంపెనీవాళ్ళు వచ్చి పెద్ద పూలదండ వేసి, "ఏ సాయం కావాలన్నా అడగమ్మా" అని కారెక్కారు. కన్నియమ్మ ఆ కారు తలుపు పట్టుకుని వదల్లేదు. "సాయం వొద్దు. వంట పని ఇయ్యండి" అంది. ఇచ్చారు. అది మొదలు తెలుగు సినిమా కంపెనీల షూటింగులకు ఆవిడే వండి పెట్టింది.

షూటింగు భోజనం చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. అక్కడ కులాలు లేవంటారు. లేకేం, అన్నం దగ్గర ఉన్నాయి. పెద్ద హీరోకు ఇంటి క్యారియరు. డైరెక్టరుకు టేబుల్ మీద స్పెషల్. కెమెరావాళ్ళకు ఒక వరస, లైట్‌బాయ్‌లకు ఇంకో వరస. అందరి వెనకా జూనియర్ ఆర్టిస్టులు. వాళ్ళకు మాత్రం టోకెను. రంగు అట్టముక్క చూపిస్తే పొట్లం. పట్టుచీర కట్టుకుని, నెత్తిన కిరీటం పెట్టుకుని రాణిగారి పక్కన పొద్దస్తమానం నిలబడ్డ మనిషి కూడా ఆ అట్టముక్క చేత పట్టుకుని జనరేటర్ వ్యాను వెనక కూర్చుని తినాల్సిందే. ఆ టోకెన్లు పంచే చెయ్యి కన్నియమ్మదే. అందులో తప్పేమైనా ఉందని ఆవిడకు ఏనాడూ తోచలేదు. వంటకు ఉప్పెట్లాగో షూటింగుకు టోకెను అట్లాగ.

తర్వాత తెలుగు కంపెనీలు ఒక్కొక్కటే మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వెళ్ళిపోయాయి. ప్రొడక్షన్ మేనేజరు వచ్చి, "నువ్వూ వచ్చెయ్యి కన్నియమ్మా, అక్కడ ఇల్లు చూపిస్తాం" అన్నాడు. "నేనెందుకు రావాల? మా తాతల కాష్టాలు ఈడ కాలినాయి. పోయి ఆడ మీ బండరాళ్ళ మీద మీరే వండుకోండి" అని పంపించేసింది. రోషం బాగానే ఉంది గానీ రోషంతో పొయ్యి మండదు కదా. మనిషి మునిగేంత గుండిగలు ఇంటి ముందు బోర్లా పడ్డాయి. చుట్టుపక్కల జూనియర్ ఆర్టిస్టు ఆడవాళ్ళకు కాల్‌షీట్లు లేవు. ఆ ఏడే ఊరి పేరు మద్రాసు పోయి చెన్నై అయింది. "పేరు మారిస్తే ఆకలి మారుద్దా?" అని కన్నియమ్మ ఆ పేరు మీద కూడా ఒక విసురు విసిరింది.

అట్లాంటి రోజుల్లో నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో పట్టాలిచ్చే పండగ విందుకు వంట చెయ్యమని కబురొచ్చింది. ఏ విశ్వవిద్యాలయమో అడక్కండి, మనకెందుకు. కన్నియమ్మ తన స్నేహితురాలు రాజలక్ష్మిని, ఇంకొందరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళింది. రాజలక్ష్మి జూనియర్ ఆర్టిస్టు. సినిమాల్లో చెలికత్తెగా చామరం వీచీ వీచీ భుజం నొప్పి తెచ్చుకున్న మనిషి.

వంటపాక పక్కన కొళాయి ఉంది. మధ్యాహ్నం గంట కొట్టగానే ఒక పిల్ల వచ్చి కొళాయి కింద దోసిలి పట్టి నీళ్ళు తాగింది. తాగి, ఆగి, మళ్ళీ తాగింది. దాహానికి తాగే తాగుడు కాదది. తిరిగి నాలుగు అడుగులు వేసి గోడ పట్టుకుని కూలబడింది.

కన్నియమ్మ గరిటె వదిలేసి పరుగెత్తింది. "సాప్టియా?" అని అరవంలోనే అడిగింది.

"అమ్మా, తల తిరగతా ఉంది" అని ఆ పిల్ల తెలుగులో గొణిగింది.

"ఓసినీ, మనబిడ్డవేనా! తిన్నావా లేదా?"

"పొద్దన్నే తినొచ్చినా అత్తా."

"తినొచ్చిన మొకమా అది? అద్దం లేదా మీ ఇంట్లో?" అని తిట్టి, ఆకు వేసి, అన్నం వేసి, పప్పు పోసింది. ఆ పిల్ల తిన్న తీరు చూసి కన్నియమ్మ మొహం తిప్పుకుంది.

ఆ పిల్ల పేరు జనని. ఊత్తుకోట దగ్గర తెలుగు రైతుల బిడ్డ. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. తెల్లవారకముందే బస్సెక్కితే గానీ మొదటి క్లాసుకు అందదు. ఫీజుకు స్కాలర్‌షిప్పు ఉంది. మధ్యాహ్నం తిండికి మాత్రం కొళాయి ఉంది. తనలాంటి వాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారని చెప్పింది.

ఆ విశ్వవిద్యాలయానికి దాతలు లేరనుకునేరు! హాలుకొక దాత, మెట్లకొక దాత, గడియారానికొక దాత. పోయినవాళ్ళ పేర్ల మీద ఏటా బంగారు పతకాలు. ఉన్నవాళ్ళకు మాత్రం మధ్యాహ్నం పచ్చి నీళ్ళు. ఏ పుణ్యాత్ముడికీ పలకరాయి మీద పేరు పడని దానం చెయ్యాలని తోచలేదు.

కన్నియమ్మ మర్నాడే జార్జి టౌన్ వెళ్ళింది. అక్కడ యతిరాజులు నాయుడికి బియ్యం మండీ ఉంది. సినిమా రోజుల్లో ఆవిడకు బియ్యం, పప్పు పోసింది ఆయనే. తోపుడు బళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని గద్దె ముందు నిలబడి, "అన్నా, పున్నెం కావాల్నా?" అని అడిగింది.

యతిరాజులు చెడ్డవాడు కాదు. చెప్పింది విని కళ్ళు తుడుచుకున్నాడు కూడా. "బియ్యం నాది, పప్పు నాది, నీ ఆడోళ్ళకి కూలి కూడా నాదే. కానీ కన్నియమ్మా, లెక్క లేని దానం ఎలకల పాలు. ఎవురికి పెడతా ఉండామో తెలియాల" అన్నాడు.

"దానికేమన్నా, టోకెన్లు పెడదాం. షూటింగులో పెట్టినట్టే" అంది కన్నియమ్మ. చూశారా, ఎవరూ అడక్కుండానే ఆవిడే అంది.

విద్యార్థుల బాగోగులు చూసే ప్రొఫెసరు సుధీంద్రగారు పాత సైకిల్ షెడ్డు ఇప్పించారు. ఎవరికి నిజంగా అవసరమో విచారించి పసుపుపచ్చ టోకెను, అరవంలో మంజ టోకెను, ఇచ్చేవారు. షెడ్డు మీద యతిరాజులు పేరుతో బోర్డు లేచింది. బోర్లా పడున్న గుండిగలు మళ్ళీ పొయ్యెక్కాయి. కాల్‌షీట్లు లేని ఆడవాళ్ళకు నెల తిరిగేసరికి చేతిలో కూలి పడింది. సాంబారు వాసన ఆ ఆవరణంతా కమ్ముకునేది. కన్నియమ్మ అయితే తన మొగుడి ఫొటో ముందు నిలబడి, "చూసినావా, ఇప్పుడు నేను యూనివర్సిటీలో పని చేస్తా ఉండా" అని గొప్పలు పోయింది.

కొన్నాళ్ళకు జనని రావడం మానేసింది.

జ్వరమేమో అనుకుంది కన్నియమ్మ. ఊరెళ్ళిందేమో అనుకుంది. చివరికి ఒకరోజు విందునాటి పాత వంటపాక దగ్గరికి వెళ్ళి చూస్తే అదే కొళాయి, అదే దోసిలి. కన్నియమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"ఏందే పాపా, నా వంట అంత పాచిపోయిందా? కొళాయి నీళ్ళలో ఉప్పుకారం బాగుండాదా?"

జనని నేల చూస్తూ చెప్పింది. "క్లాసులో నన్ను పేరుతో పిలవడం మానేసినారత్తా. 'మంజ టోకెన్' అంటారు. మంజ టోకెన్ వచ్చింది, మంజ టోకెన్ జరుగు అని. బస్సులో కూడా అంటారు. ఆకలయినా ఓర్చుకుంటా గానీ ఇది నా వల్ల కాదు. ఈ నెలాఖరుతో మానేస్తా. మా చిన్నాయన గుమ్మిడిపూండిలో కంపెనీ పని చూసినాడు."

కన్నియమ్మ తిరిగొచ్చి పొయ్యి ముందు చతికిలబడింది. "ఏం చెయ్యకూడని పని చేసినామని రాజీ? అన్నమే గదా పెట్టినాం" అంది.

రాజలక్ష్మి గిన్నెలు తోముతూ తలెత్తలేదు. "ఇన్నేళ్ళు నా చేతిలో పెట్టింది ఆ అట్టముక్కే గదక్కా. ఆ పొట్లం నేను ఎట్ట మింగినానో ఒక్కరోజన్నా అడిగినావా?"

కన్నియమ్మ ఆమె వైపు చూసింది. ఎన్నేళ్ళ స్నేహం! ఒకే వీధి, ఒకే పంపు, ఒకరి పిండిలో ఒకరి చెయ్యి. అయినా ఆ మాట ఇన్నాళ్ళూ రాజలక్ష్మి కడుపులోనే ఉండిపోయింది. కన్నియమ్మకు సిగ్గేసింది. సిగ్గేస్తే కొందరు మూల కూర్చుంటారు. కన్నియమ్మకు కోపం వస్తుంది. లేచి, టోకెన్ల కట్ట తీసి, కట్టకు కట్టగా పొయ్యిలో పెట్టేసింది.

అట్నుంచి అటే సుధీంద్రగారి గదికి వెళ్ళింది. యతిరాజులు కూడా అక్కడే ఉన్నాడు, రాబోయే దాతల సభ గురించి మాట్లాడుతూ. ఆ సభలో టోకెను పిల్లలు ఒక్కొక్కరే వేదికెక్కి నాయుడి చేతి మీదుగా కంచం అందుకోవాలని, ఫొటోలు పత్రికల్లో పడాలని ఏర్పాటు.

"ఇంక టోకెన్లు లేవు సార్. కాల్చేసినా" అంది కన్నియమ్మ.

సుధీంద్రగారు అదిరిపడ్డారు. "కాల్చేశారా! మరి ఎవరు తినాలో ఎలా తెలుస్తుందమ్మా?"

"ఆకలైనోళ్ళు తింటారు. ఒకటే బంతి. అందరూ నేల మీద, అందరికీ అరిటాకు. షెడ్డు గుమ్మంలో ఒక గుండిగ పెడతా. తినేదానికి వచ్చినోళ్ళు ఎవురైనా సరే, గుప్పిట మూసి దాంట్లో పెట్టి, చెయ్యి ఇదిలించుకుని రావాల. గుప్పిట్లో రూపాయి ఉండాదో, ఏమీ లేదో వాళ్ళకీ దేవుడికీ తెలియాల. తిరపతి హుండీలో ఎవురేం వేసినారని ఎవురన్నా అడిగినారా?"

యతిరాజులు నవ్వాడు. "మంచిదానివే! డబ్బున్నోళ్ళ పిల్లకాయలు వచ్చి ఊరికే మెక్కి పోతారు."

"పోనీ అన్నా! కారులో వచ్చినోడు పక్కన కూర్చుంటేనే గదా, కడుపు కాలినోడు ఎవురో కనిపెట్టలేరు. వాడు తినే పిడికెడు మెతుకులు దండగ కాదు. మన బిడ్డలకి దుప్పటి."

"అట్టయితే నా బియ్యం రావు. లెక్క లేని చోట యతిరాజులు పేరుండదు."

"సరి. బోర్డు మోసుకుని పో. మనిషిని పెట్టి పీకిస్తాలే." చెప్పి వచ్చేసింది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మనవాళ్ళ సామెత. వడ్డించేది సరే, వండటానికి ఏముంది? బియ్యం లేవు. కూలి లేదు. కన్నియమ్మ ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఉన్న సంగతి చెప్పింది. ఉండేవాళ్ళు ఉండండి, పోయేవాళ్ళు పోండి, మనసులో ఏం పెట్టుకోను అంది. రాజలక్ష్మి లేచి కొంగు బొడ్లో దోపుకుంది. "మూర్తాలు వస్తా ఉండాయి. పెళ్ళిళ్ళకి వండుదాం. ఆ వచ్చింది ఈడ పెడదాం. నేను ఈ షెడ్డు వొదలను" అంది. ఒక్కరూ పోలేదు.

మొదటిరోజు గుండిగ ముందు ఎవరూ కదల్లేదు. ఇదేదో కొత్త తమాషా అన్నట్టు దూరంగా నిలబడి చూశారు. అప్పుడు సుధీంద్రగారు చెప్పులు విప్పి, గుప్పిట మూసి గుండిగలో పెట్టి, వచ్చి నేల మీద కూర్చున్నారు. పంచె నలిగినా పట్టించుకోలేదు. ప్రొఫెసరే కూర్చున్నాక ఇంకేముంది, పిల్లలు తోసుకుంటూ వచ్చారు. నాణెం పడితే చప్పుడవుతుందని కన్నియమ్మ అడుగున పాత చీర మడత పెట్టింది. ఉన్న పిల్లలు వేశారు, లేని పిల్లలు వట్టి చెయ్యి పెట్టారు. చీర మడతలో నోట్లతో పాటు చింతగింజలు కూడా దొరికేవి. వట్టి చెయ్యి పెట్టడానికి మనసొప్పని ఏ బిడ్డలు వేశారో. కన్నియమ్మ వాటిని ఏరి పక్కన పడేసేది. ఎవరినీ ఏమీ అడగలేదు. కందిపప్పు చాలని రోజు పెసరపప్పు. అదీ లేని రోజు చారు, మజ్జిగ. అయినా పొయ్యి ఆరలేదు.

జనని మాత్రం రాలేదు. చెట్టు కింద నిలబడి దూరం నుంచి చూసేది. కన్నియమ్మ వెళ్ళి బతిమాలింది, కసిరింది, చెయ్యి పట్టి లాగింది. "వాళ్ళకి నేను తెలుసత్తా. కొత్తవాళ్ళయితే సరే. నా చేతిలో ఏమీ ఉండదని వాళ్ళకి ముందే తెలుసు" అంది ఆ పిల్ల. నెలాఖరు దగ్గర పడుతోంది. మిగతావాళ్ళంతా కడుపునిండా తింటున్నా, ఆ ఒక్క పిల్ల చెట్టు కింద ఉన్నంతకాలం కన్నియమ్మకు గెలిచినట్టు లేదు. ఓడినట్టే ఉంది.

దాతల సభ రోజు వచ్చింది. యతిరాజులు కొత్త హాలుకు కూడా విరాళం ఇచ్చాడు కనక ఆయనే ముఖ్య అతిథి. సుధీంద్రగారు పొద్దున్నే వచ్చి, "కన్నియమ్మగారూ, ఈ ఒక్కపూటకు అతిథులకు హాల్లో, కుర్చీల మీద..." అని నసిగారు.

"బంతి ఒకటే సార్. బంతిలో వలపక్షం నా చేత కాదు. తినేవాళ్ళు ఈడికి రావాల్సిందే."

వేరే వంటవాళ్ళు దొరికే వేళ కాదు. అతిథులు షెడ్డుకే వచ్చారు. జరీ పంచెలు, పట్టుచీరలు నేల మీద చతికిలబడ్డాయి. వాళ్ళ మధ్య మధ్యన పిల్లలు. యతిరాజులు మాత్రం కూర్చోలేదు. గుమ్మంలో గుండిగ పక్కన నిలబడి, లోపలికి పోయే ఒక్కొక్క చెయ్యినీ చూస్తున్నాడు. ఇన్ని గుప్పిళ్ళలో ఎన్ని దొంగవో అన్న చూపు.

సరిగ్గా అప్పుడు జనని చెట్టు కింది నుంచి కదిలింది. ఆ రోజే ఎందుకు కదిలిందో ఎవరికి తెలుసు. రేపటి నుంచి ఎలాగూ రాను కదా అనుకుందో ఏమో. తల వంచుకుని వచ్చి గుప్పిట మూసి గుండిగ మీదికి చాపింది. వరసలో ఎవడో "మంజ టోకెన్" అన్నాడు. కిసుక్కుమని నవ్వులు.

"ఆగు పాపా. చెయ్యి తెరువు. ఏముండాదో చూడనీ" అన్నాడు యతిరాజులు.

జనని చెయ్యి గాల్లోనే ఆగింది.

కన్నియమ్మ అన్నం గుండిగ మీద మూత దబ్బున పెట్టి, దాని మీద గరిటె అడ్డంగా పెట్టి వచ్చింది. జననికీ యతిరాజులుకీ మధ్యన నిలబడింది. "అన్నా, నీ బియ్యం తిన్నాం. లేదన్లా. దానికి నీ కాళ్ళకి దండం పెట్టమంటే ఇప్పుడే పెడతా. కానీ ఆ గుప్పిట తెరిపిస్తే ఈ పూట ఈ షెడ్డులో ఒక్క ఆకులో మెతుకు పడదు. నీ పట్టుచీరలోళ్ళతో సహా అందరూ లేచి పోవాల్సిందే. అన్నం పెట్టినంత మాత్రాన మనిషి చెయ్యి నీదైపోద్దా?"

"కన్నియమ్మా, నోరు అదుపులో పెట్టుకో."

"అదుపులో పెట్టుకునుంటే ఈ పాటికి హైదరాబాదులో ఉండేదాన్ని."

ఆకుల ముందు కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుధీంద్రగారు లేచి నిలబడ్డారు. రాజలక్ష్మి పప్పు బొక్కెన పట్టుకుని వచ్చి కన్నియమ్మ పక్కన నిలబడింది.

"తెరవను" అన్న మాట వినిపించింది. కన్నియమ్మ వెనక్కి తిరిగింది. అన్నది జననే. తల వంచలేదు. "తెరవను సార్. నా పేరు జనని" అంది, ఈసారి వరసలో చివరివాడికి కూడా వినపడేటట్టు.

కన్నియమ్మను పక్కకు జరిపి, మూసిన గుప్పిట గుండిగలో మోచేతిదాకా దింపింది. తెరిచిన చెయ్యి బయటికి తీసి, యతిరాజులు ముందు నుంచే నడిచి, ఒక పట్టుచీర ఆవిడకూ ఆ నవ్విన కుర్రాళ్ళలో ఒకడికీ మధ్యన ఉన్న ఖాళీ ఆకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

కన్నియమ్మ వెళ్ళి అన్నం గుండిగ మూత తీసింది. ఆ ఆకులోనే మొదటి అన్నం పడింది. రాజలక్ష్మి పప్పు పోసింది. జనని అందరూ చూస్తుండగా కలుపుకుని, పెద్ద పెద్ద ముద్దలు తిని, ఆకు ఖాళీ చేసి తలెత్తింది.

"అత్తా, ఇంకా అన్నం పెట్టు. నాకు ఆకలిగా ఉండాది" అని గట్టిగా అడిగింది.